మూతల మీద పెట్టిన గుర్తులు

ఆరేళ్ళ కిందట మా విభాగంలో జరిగిన సమావేశంలో నేను అబద్ధం ఆడలేదని చాలాకాలం సరిపెట్టుకున్నాను. "ఈ ఫలితాలకు నేను పూచీ పడలేను" అన్నాను, అంతే. ఆ రోజుకు అది నా మనసులో ఉన్న మాటే. కానీ అప్పటికే ఒక సంగతి దాచాను. రెండు నెలల తర్వాత, నా అనుమానం తప్పని తెలిశాక, దాన్నీ దాచాను. వాటివల్ల నా దగ్గర నాలుగేళ్ళు పరిశోధన చేసిన ఒకామె పిహెచ్‌డి ఆగిపోయింది. దొంగ ఫలితాలు చూపించిందన్న పేరు ఆమెకు మిగిలింది. జరిగింది జరిగినట్టు రాయడానికే కూర్చున్నాను.

నేను బెజవాడ శివారులోని ఒక కళాశాలలో జీవరసాయన శాస్త్రం చెబుతాను. మాది చిన్న ప్రయోగశాల. ఈస్ట్ పెంచే ఇంక్యుబేటర్ రెండుసార్లు ఆటోనగర్ వెళ్ళి వచ్చింది. లారీల వైరింగ్ చేసే మెకానిక్ దాని థెర్మోస్టాట్ మార్చి, "ఇక చూస్కోండి సార్, కోడిపెట్టకన్నా బాగా పొదుగుద్ది" అన్నాడు. నిజంగానే ముప్పై డిగ్రీలు తప్పలేదు. ఫ్రిజ్ మాత్రం ఇళ్ళలో ఉండే మామూలు ఫ్రిజ్.

ఆమె పని ఈస్ట్ మీద. బేకరీవాళ్ళు రొట్టె పొంగడానికి వేసేది అదే. ఈస్ట్ కణంలోనూ మన కణంలోలాగే డీఎన్ఏ ఉంటుంది. అది విడి దారంలా పడి ఉండదు. హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ, కండెకు నూలు చుట్టినట్టు చుట్టుకుని ఉంటుంది. చుట్టు వదులైన చోట జన్యువు పనిచేస్తుంది, బిగిసిన చోట పనిచేయదు. బిగించే ప్రొటీన్లు కొన్ని, వదులు చేసేవి కొన్ని. క్రోమోజోముల కొసల దగ్గర బిగింపు ఎక్కువ. ఆ బిగింపు లోపలికి పాకకుండా ఒక ప్రొటీన్ గట్టులా అడ్డం ఉంటుందని ఆమె ఊహ. ఆ ప్రొటీన్ తీసేస్తే బిగింపు గట్టు తెగిన కాలవలా లోపలికి వస్తుందని చూపించాలి.

అది కంటికి కనిపించడానికి ఒక ఉపాయం ఉంది. ఎడినైన్ అనే పదార్థాన్ని తయారు చేసే జన్యువొకటి పనిచేస్తుంటే ఈస్ట్ తెల్లగా పెరుగుతుంది. ఆ జన్యువు పనిచేయకపోతే కణంలో ఎర్రరంగు పేరుకుంటుంది. ఆమె ఆ జన్యువును కొసకు కాస్త ఎడంగా, మామూలుగా బిగింపు చేరని చోట పెట్టింది. గట్టు ప్రొటీన్ ఉన్న ఈస్ట్ తెల్లగా వచ్చింది. ఆ ప్రొటీన్ తీసేసిన ఈస్ట్ ఎర్రగా వచ్చింది. ఈస్ట్ పెంచే మూత ఉన్న చిన్న ప్లేటు నిండా మిరపగింజంత ఎర్రటి చుక్కలు, ఒక్కోటీ ఒక్క కణం నుంచి పెరిగింది.

చూసి సంతోషించాల్సిన వాణ్ని. నాకు ముందు అనుమానం వచ్చింది.

మా నాన్న బియ్యం మిల్లులో ధాన్యం కొనుగోలు చూసేవాడు. ప్రతి బస్తాకూ ఇనప గొట్టం గుచ్చి, వచ్చిన గింజలు పంటికింద కొరికి చూసేవాడు. బస్తా పైన మంచి గింజలు, లోపల తడి గింజలు పోసేవాళ్ళు ఉంటారనేవాడు. "బాగుందనిపించిన బస్తాకే రెండోసారి గుచ్చాలిరా" అని నాకు నేర్పాడు. ఆయనకు అది వృత్తి. నాకు అది స్వభావమైంది. ఆమె ఫలితం మరీ బాగుంది. దొంగతనానికి దారి కూడా తేలికే. ఆ జన్యువు పూర్తిగా తీసేసిన ఈస్ట్ మా ఫ్రిజ్‌లోనే ఉంది. అది ఎప్పుడూ ఎర్రగానే పెరుగుతుంది. ప్లేట్లు మార్చి పెడితే ఎవరికి తెలుస్తుంది?

ఒక ఆదివారం పొద్దున ఎవరూ లేనప్పుడు వెళ్ళి ఇంక్యుబేటర్ తెరిచాను. ఆమె ప్లేట్లు పన్నెండు ఉన్నాయి, పోసి మూడు రోజులైంది. వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను. ఎరుపు లేదు. పాలల్లో కుంకుమ నీళ్ళ చుక్క పడ్డట్టు, మహా అయితే కాస్త గులాబీ ఛాయ. తర్వాతి గురువారం ఆమె నాకు చూపించిన ప్లేట్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఇవేనా ఆ ప్లేట్లు?" అన్నాను.

"ఇవే సార్."

"మధ్యలో ఎక్కడికైనా తీసుకెళ్ళావా?"

"ఫ్రిజ్‌లోకి సార్. అంతేగా?" అని నవ్వింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. జవాబు చాలా త్వరగా వచ్చిందనిపించింది. ఆదివారం నేను చూసిన సంగతి చెప్పి, రంగెలా మారిందని సూటిగా అడిగి ఉంటే అక్కడితో అయిపోయేది. అడిగితే జాగ్రత్తపడుతుందనుకున్నాను. అనుమానంలో ఉన్నవాడికి ఎదుటివాళ్ళ ప్రతి మాటా ఒక ఎత్తులా కనిపిస్తుంది. అసలు ఎత్తులు వేస్తున్నది తనేనని వాడికి తట్టదు.

మళ్ళీ వారం ప్లేట్లకు గుర్తులు పెట్టాను. మా పనిలో పేరు, తేదీ ఎప్పుడూ ప్లేటు అడుగు వైపు రాస్తారు, మూత మీద రాయరు. మూతలు తారుమారవుతాయి కనుక. మొదటి సంవత్సరం పిల్లలకు నేను చెప్పే మొదటి పాఠమే అది. కానీ అడుగున ఆమె చేతిరాత ఉంది, గీత పడితే కనిపెడుతుంది. అందుకని సూదితో మూతల అంచున చిన్న చుక్క పెట్టాను. గురువారం ఎర్ర ప్లేట్లు వచ్చాయి. మూతల మీద నా చుక్కలున్నాయి. ప్లేట్లు మారలేదని అర్థం చేసుకోవాలి కదా? నేను వేరేలా అర్థం చేసుకున్నాను. ఈస్ట్ మార్చి, మూతలు మాత్రం పాతవి పెట్టింది. అడుగున తేదీ మళ్ళీ రాయడం ఎంతసేపు?

ఆ తర్వాతి ఆదివారం తెల్లగా ఉన్న ప్లేటు ఒకటి తీసి, పాలిథిన్ కవర్లో చుట్టి, నా గదిలోని చిన్న ఫ్రిజ్‌లో పాత సీసాల వెనక పెట్టాను. సాక్ష్యం పాడవకూడదని చల్లగా దాచాను.

సోమవారం ఆమె వచ్చింది. "సార్, ఒక ప్లేటు కనపడట్లేదు. మీరేమైనా చూశారా?"

"నాకేం తెలుసమ్మా? నీ ప్లేట్లు నువ్వు చూసుకోవాలి గాని."

పైన చెప్పిన దాచిన సంగతి ఇదే.

మా అటెండర్ నాకన్నా పదేళ్ళు పెద్ద. మంగళగిరి చేనేత కుటుంబం, మగ్గం మీద బతకలేక ఈ ఉద్యోగంలో చేరాడు. అతన్నీ అడిగాను. "ఆ అమ్మాయి లేనిపోని పనులేమైనా చేస్తోందా?"

"చేస్తాందండి. మధ్యాన్నం అన్నం తినటం మానేసి లెక్కపెడతాంది. అదొక్కటే లేనిపోని పని" అన్నాడు. ఇతన్నీ తనవైపు తిప్పుకుందనుకున్నాను.

ఆమె నోట్‌బుక్ పరిశీలనకని తీసుకుని బీరువాలో పెట్టాను. మూడు వారాలకు వార్షిక సమీక్ష జరిగింది. ఐదుగురు సభ్యులు. నేను నా వాక్యం చెప్పాను.

పెద్దాయన ఒకరు కాగితాలు తిరగేసి, "పన్నెండు ప్లేట్లని రాశావు. లెక్క పదకొండుకే ఉందేమ్మా?" అన్నారు.

"ఒకటి పోయిందండీ."

"పోవడానికి అదేమన్నా చెవి దుద్దా?"

ఇద్దరు నవ్వారు. పన్నెండోది పక్క గదిలో, నా ఫ్రిజ్‌లో ఉంది. నేను బల్ల మీద పెన్ను కదిపాను.

"సార్‌కి ఏ అనుమానం ఉందో చెబితే జవాబు చెబుతానండీ. నా నోట్‌బుక్కూ సార్ దగ్గరే ఉంది" అందామె. నా వైపు చూసింది. అందరూ చూశారు. "వివరాల్లోకి వెళ్ళడం బాగుండదు" అన్నాను. ఆ మాటను వాళ్ళు నా పెద్దమనిషితనం కింద జమకట్టారు. గైడే నమ్మని పనికి మేమేం చేస్తామని గడువు పొడిగింపు ఆపేశారు.

తర్వాతి వారం ఆమె నాన్నగారు వచ్చారు. గన్నవరం దగ్గర ఒక చర్చి బడిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా అమ్మాయి తప్పు చేసిందాండీ? చేసుంటే చెప్పండి, మేం మాట్లాడుకుంటాం."

"తప్పని నేననలేదండీ."

"చెయ్యలేదని కూడా అనట్లేదు కదండీ" అన్నారాయన. నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

రెండు నెలలు గడిచాయి. ఎండాకాలంలో ఒకరోజు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కరెంటు లేదు. ఫ్రిజ్‌లు నీళ్ళు కారుతుంటే అటెండర్ సామానంతా తీసి బల్ల మీద పరుస్తున్నాడు. నా గదిలో ఫ్రిజ్ కూడా అతను తెరుస్తాడని నాకు తట్టలేదు.

"సార్, మేడంగారి ప్లేటు మీ ఫ్రిజ్‌లో ఉందేంటండి?"

కవరు విప్పాడు. ప్లేటంతా ఎర్రగా ఉంది.

నేను తెల్లగా ఉండగా పెట్టిన ప్లేటు అది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అతను దాన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పాడు.

"తెల్లగా ఉన్నదే, నేను పెట్టినప్పుడు" అన్నాను, నాకు నేనే చెప్పుకుంటున్నట్టు.

"రంగు తొట్లోంచి తీయగానే నూలు చూసి ఎవడూ ఏ రంగో చెప్పడు సార్. ఆరినాక చూడాలి. మేడంగారు మూడ్రోజులు ఫ్రిజ్‌లో పెట్టేది అందుకే గదండి." పన్నెండో నంబరు ప్లేటు తన చేతిలో ఎందుకుందో అప్పుడు అతనికి అర్థమైంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, తుడిచే గుడ్డ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పెరుగుతున్నప్పుడు లేతగా ఉండే ఆ రంగు, చల్లగా ఉంచిన కొద్దీ రోజుల తరబడి ముదురుతుంది. ఈస్ట్ మీద చేత్తో పనిచేసే ప్రతివాళ్ళకూ తెలిసిన సంగతి. నేను చదివిందీ చేసిందీ ప్రొటీన్లు శుద్ధి చేసే పని. ప్లేట్ల దగ్గర నేను పరాయివాణ్ని. ఆ మాట ఒప్పుకోవడం చిన్నతనమనుకుని ఎవరినీ అడగలేదు.

ఇంకోటి కూడా అప్పుడే చూశాను. ఎర్రటి చుక్కల్లో అక్కడక్కడ తెల్లటి చీలికలున్నాయి, పుచ్చకాయ ముక్క కోసినట్టు. ఒక కణంలో మూసుకున్న జన్యువు దాని పిల్లకణాల్లోనూ మూసుకునే ఉంటుంది, తరాల తరబడి. ఎప్పుడో ఒక కణంలో బిగింపు సడలి అది తెరుచుకుంటుంది. అక్కడినుంచి పుట్టినవన్నీ తెల్లగా వస్తాయి. జన్యువు అసలే లేని ఈస్ట్‌లో ఆ చీలికలు రావు. ఆమె చూపించిన ప్రతి ప్లేటులోనూ అవి ఉన్నాయి. గురువారాల్లో వాటిని చూసి నేను, వేరే ఈస్ట్ కలిసిందనుకున్నాను.

అయినా నమ్మక, ఆ ప్లేటులోని ఈస్ట్‌ను ఎడినైన్ లేని ఆహారం మీద గీశాను. జన్యువు లేకపోతే అది పెరగకూడదు. నాలుగో రోజుకు పెరిగింది.

అప్పుడు బీరువా తీసి ఆమె నోట్‌బుక్ తెరిచాను. మూడో పేజీలోనే గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: ముప్పై డిగ్రీల దగ్గర మూడు రోజులు, తర్వాత ఫ్రిజ్‌లో మూడు రోజులు, రంగు తేలాక లెక్కపెట్టాలి. ఆ పేజీ కింద ఆకుపచ్చ సిరాతో నా సంతకం ఉంది. మా దగ్గర అదొక అలవాటు. నెలాఖరుకు నోట్‌బుక్కులన్నీ దొంతరగా తెస్తారు, టీ తాగుతూ పేజీలు తిప్పి సంతకాలు పెడతాం. చదవం. విద్యార్థిని ప్లేట్ల మూతలకు సూదితో గుర్తులు పెట్టేంత తీరిక ఉన్నవాణ్ని, ఆ నాలుగు వరుసలు చదవలేదు.

నోట్‌బుక్ మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎందుకంటే ఆమె ఫలితం నిజమని చెప్పాలంటే, ప్లేటు దొంగిలించింది నేనని చెప్పాలి. అప్పుడు నా ప్రమోషన్ కాగితాలు కదులుతున్నాయి. కొన్నాళ్ళాగి చెబుదామనుకున్నాను. ఆగిన కొద్దీ, ఇన్నాళ్ళు ఎందుకు ఆగావన్న ప్రశ్న కూడా వచ్చి చేరింది. ఎవరు తలుపు కొట్టినా అటెండర్ చెప్పేశాడేమో అనుకునేవాణ్ని. ఇద్దరు వరండాలో నవ్వుకుంటే నా గురించేనేమో అనిపించేది. ఆరేళ్ళలో అతను ఒక్కమాట అనలేదు. దానికీ అనుమానించాను, ఏం కోరి ఊరుకున్నాడోనని.

ఈమధ్యే అతను రిటైరయ్యాడు. చివరి రోజు తాళాలగుత్తి నా బల్ల మీద పెట్టి, ఒక్కొక్క తాళంచెవీ చూపిస్తూ అప్పగించాడు. స్టోర్ రూమ్. గ్యాస్ గది. నా గది.

"ఆ బీరువాది నా దగ్గర లేదండి. మీ దగ్గరే ఉంది" అన్నాడు.

"ఉంది."

"నేను నోరిప్పుంటే ఉజ్జోగం పోయేదని భయపడ్డానండి. నా తప్పు నాకుంది. మీకింక ఏం భయం సార్?"

శాలువా కప్పించుకుని, స్వీటు పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే బీరువా తెరిచాను.

ఆమె ఇప్పుడు బెజవాడలోనే ఒక ఇంటర్ కోచింగ్ కాలేజీలో జువాలజీ చెబుతోంది. క్లాసులు వదిలే వేళకు గేటు బయట నిలబడ్డాను. నన్ను చూసి ఆగింది. చేతిలో మార్కర్ పెన్నులు, వేళ్ళకు సిరా.

"నమస్తే సార్. ఎందుకొచ్చారు?"

పక్కనే టీ కొట్టు ఉంటే కూర్చుందామన్నాను. కూర్చోలేదు. నా చేతిలో నోట్‌బుక్ చూసింది.

"పేపర్ వేస్తున్నారా? సంతకం కావాలా? పేరు తీసేస్తామని చెప్పడానికొచ్చారా?"

"కాదమ్మా."

"మరి? ఆరేళ్ళకు గుర్తొచ్చానంటే ఏదో అవసరం పడే ఉంటుంది కదా సార్." గొంతు పెంచలేదు. నన్ను నేను అద్దంలో చూసుకున్నట్టుంది. ఎవరినీ నమ్మని ఆ చూపు నాదే. ఆమె దగ్గర నేను వదిలివెళ్ళింది అదొక్కటే.

ఆదివారాల నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. సూది, మూతలు, ఫ్రిజ్, మూడో పేజీ. ఆమె మధ్యలో ఒక్కసారే మాట్లాడింది.

"పన్నెండోది మీ దగ్గరుందా?"

"ఉంది."

"నేను చెత్తడబ్బాలన్నీ వెతికాను సార్. నా మీద నాకే అనుమానమొచ్చింది. నిజంగా పదకొండే పోశానేమోనని, నెల్లాళ్ళు."

క్షమించమని అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడొద్దు. మీరు నన్ను అన్నది ఐదుగురి ముందు. ఇదేమో టీ కొట్టు దగ్గరా? పోయిన పరువు గదిలో పోయింది సార్, గదిలోనే ఇవ్వండి. నేనూ వస్తాను. మా నాన్నా వస్తారు."

నోట్‌బుక్ తీసుకుంది. మూడో పేజీ తెరిచి, నా సంతకం చూసి, మూసేసింది.

సమావేశం ఏర్పాటు చేయడానికి రెండు నెలలు పట్టింది. విభాగాధిపతి, "అయిపోయినవి తవ్వడం దేనికండీ? మీకే ఇబ్బంది" అన్నారు. జరిగిందంతా రాసి, సంతకం పెట్టి ఇచ్చాక ఒప్పుకున్నారు. నా మీద తీసుకోవాల్సిన చర్య తర్వాత చూస్తామన్నారు. ఆమె మళ్ళీ నమోదు చేసుకుని థీసిస్ సమర్పించడానికి దారి ఉందన్నారు. సమర్పించాలో వద్దో ఆమె ఇష్టం.

ఆ ఐదుగురిలో నలుగురు వచ్చారు. చెవి దుద్దు మాట అన్న పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చారు. వెనక వరుసలో మాస్టారు, ఆ పక్కన ఎవరు చెప్పారో ఏమో, మా అటెండర్. ఆమె ముందు కుర్చీలో, నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మూడు రోజుల ముందొకటి, ఆరు రోజుల ముందొకటి, ఆమె ఈస్ట్‌నే రెండు ప్లేట్ల మీద నా చేత్తో పోశాను. ఒకటి అప్పుడే ఇంక్యుబేటర్లోంచి తీసింది. రెండోది మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉన్నది. రెండూ బల్ల మీద పెట్టాను. పేరు, తేదీ అడుగున రాశాను. పెద్దాయన రెండూ ఎత్తి, కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. తెల్లదాన్ని చూపిస్తూ, "ఇది అది అవుతుందా?" అన్నారు.

"అవుతుందండీ. ఆమె నోట్‌బుక్‌లో ఉంది. నేను సంతకం పెట్టాను" అన్నాను.

తర్వాత ఆమె వైపు తిరిగాను. రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉండిపోయింది.

"అమ్మా, నీ పని నిజం. పన్నెండో ప్లేటు దొంగిలించింది నేను. అది నా దగ్గర ఉంచుకుని, వీళ్ళు నిన్ను అడుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. తప్పు నాదేనని తెలిశాక కూడా ఆరేళ్ళు దాచాను. మాస్టారూ, మీరు వచ్చి అడిగిన రోజున మీ అమ్మాయి ఏ తప్పూ చేయలేదని చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఏ తప్పూ చేయలేదండీ. నన్ను క్షమించండి."